ముందు గడ్డికి, తర్వాత మనిషికి

హైదరాబాద్‌లో ఎండాకాలం మనిషికి నీళ్లు రాకపోతే ట్యాంకర్ బుక్ చేసుకోమంటారు. గడ్డికి రాకపోతే కమిటీ వేస్తారు.

మా గేటెడ్ కమ్యూనిటీ లాన్‌లో స్ప్రింక్లర్లు ఎగజిమ్మడం మానేసి, జలుబు చేసిన ముక్కులా కారుతున్నాయి. ఆ గడ్డి సామాన్యమైనది కాదు. కడియం నర్సరీల నుంచి లారీ ఎక్కి వచ్చింది. గోదావరి పక్కన పెరిగి, మెక్సికన్ అని పేరు పెట్టించుకుని, ఇక్కడ కృష్ణా జలాలు తాగుతోంది. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో పాక్కుంటూ వచ్చిన కృష్ణమ్మ, ఆఖరి పది అడుగులు గాల్లోకి ఎగరలేక చతికిలబడితే ఎంత అప్రతిష్ట!

లోపం ఎక్కడుందో వెతికే ముందు ఎవరిదో తేల్చాలి కదా. పాత కమిటీ నాసిరకం పైపులు వేయించిందని కొత్త కమిటీ, తాము దిగిపోయాకే నీళ్లు పడిపోయాయని పాత కమిటీ. వాల్వు గుంత ఆగ్నేయంలో ఉందని, నిప్పు మూలన నీళ్లెలా నిలుస్తాయని మూడో వర్గం.

నిజానికి కొన్ని వందలు పెట్టి ప్రెషర్ గేజ్ కొని బిగిస్తే సగం గుట్టు బయటపడుతుంది. స్ప్రింక్లర్లు కట్టేసినప్పుడు ముల్లు బాగానే ఉండి, తెరవగానే కూలబడితే లోపం దారిలో ఉన్నట్టు. ఫిల్టర్ పూడి ఉండాలి, వాల్వు సగమే తెరిచి ఉండాలి, భూమిలో పైపు పగిలి ఉండాలి, లేదా ఒకే లైను మీద స్ప్రింక్లర్ తలలు ఎక్కువై ఉండాలి. కట్టేసినా ముల్లు లేవకపోతే, మూలంలోనే బలం లేదన్నమాట.

మాకు ఆ రెండు భాగ్యాలూ పట్టాయి. పది మీటర్ల ఎత్తున్న నీటికి వచ్చేది దాదాపు 1 బార్. మా ఐదంతస్తుల మీది ట్యాంకు ఇచ్చేది 1.5. స్ప్రే తలలు అడిగేది 2. ఈ తీసివేత ఇంజనీర్లతో కిక్కిరిసిన కమిటీలో ఎవరికీ రాలేదు. పైగా పదవిలోకి వచ్చిన ప్రతి ప్రెసిడెంటుగారూ అదే లైనుకు నాలుగేసి తలలు అతికించి రిబ్బన్ కత్తిరించారు. పాత ఫిల్టర్ కడిగితే రిబ్బనుండదు, అదీ దాని ఖర్మ.

ప్లంబర్ చూసి, లైన్‌ను రెండుగా విడగొట్టి విడతల వారీగా తడపమన్నాడు. సున్నం పట్టిన నాజిళ్లను నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టమన్నాడు. ఖర్చు మరీ తక్కువ చెప్పడంతో అతని మీద అందరికీ నమ్మకం పోయింది.

చివరికి బూస్టర్ పంపు ఏకగ్రీవంగా పాసైంది. నల్లా లైనుకు నేరుగా మోటారు పెడితే జలమండలి వాళ్లు పట్టుకుపోతారు. కాబట్టి చట్టాన్ని గౌరవించి, ఇళ్లకు నీళ్లు దిగే ట్యాంకు పైపుకే బిగించారు. ఇప్పుడు స్ప్రింక్లర్లు మొదటి అంతస్తు బాల్కనీలను కూడా కడుగుతున్నాయి. ఐదో అంతస్తులో షవర్ తిప్పితే గాలి వస్తోంది.

నిన్న వాట్సాప్‌లో సెక్రటరీగారి సర్క్యులర్ వచ్చింది. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా లాన్‌కు కేటాయించారట, నివాసితులు ఆ తర్వాత స్నానాలు చేసి సహకరించాలట. ఆఫీసుకు తొందరున్నవాళ్లు తువ్వాలు తెచ్చుకుని స్ప్రింక్లర్ల దగ్గరే కానిచ్చుకోవచ్చట. గడ్డి మాత్రం తొక్కరాదు.