మంగళవారం అప్పు

మంగళవారం అప్పు చేస్తే తీరదని మా నాయనమ్మ ఆ రోజు పక్కింటి నుంచి చారెడు చింతపండు కూడా బదులు తెచ్చేది కాదు. రిజర్వు బ్యాంకుకు అలాంటి పట్టింపుల్లేవు. రాష్ట్రాల బాండ్లను వేలం వేసేది సాధారణంగా మంగళవారమే. అప్పులెందుకు తీరడం లేదో ఆర్థికవేత్తలు ఇంకా లెక్కలు కడుతూనే ఉన్నారు, పాపం.

వేలం చాలకపోతే చేబదులుంది. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్టు, వరసగా 14 పనిదినాలు మించకుండా. రాష్ట్రానికి తట్టడానికి ఇన్ని తలుపులు. ఊరికి ఒకటే, కిరాణా కొట్టు.

మా మాజీ సర్పంచి జేబులో ఎప్పుడూ ట్రెజరీ టోకెన్ ఉంటుంది. తెలంగాణలో సర్పంచుల పదవులు 2024 ఫిబ్రవరి నాటికి పోయాయి. ఆయన బిల్లు మాత్రం ఇంకా పదవిలోనే ఉంది. 'టోకెన్ పడ్డదన్నా, పైసలే పడలే' అంటాడు. వైకుంఠధామానికి గోడ కట్టించింది భార్య పుస్తెలతాడు కుదవపెట్టి. 'బిల్లొచ్చేలోపు నేనే అండ్లకు పొయ్యేటట్టున్న' అని నవ్వుతాడు. మనకు నవ్వు రాదు.

ఆయన దిగిపోయాక, కొత్తవాళ్లు వచ్చేదాకా ఊరి ఖర్చు మోసే ఆ గౌరవం పంచాయతీ కార్యదర్శికి దక్కింది. బ్లీచింగ్ పౌడరు, ట్రాక్టరు డీజిలు, కాలిన మోటారు వైండింగు, అన్నీ ఖాతాయే. ప్రభుత్వం ఆయనకు జీతమిచ్చేది, ఆ జీతంతో ఆయన ప్రభుత్వాన్ని నడిపేవాడు.

73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకంటూ 29 అంశాలు రాసింది. డబ్బు ముప్పయ్యోది కాబోలు. ఆర్థిక సంఘం నిధులున్నాయి కదా అంటారా? 15వ సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి ముందే ముడేసి పంపింది. ఆంధ్రలో ఆమధ్య ఆర్థిక సంఘం నిధులు కాస్తా కరెంటు బకాయిల కింద డిస్కంలకు వెళ్లిపోతే సర్పంచులు రోడ్డెక్కారు. దాన్ని 'సర్దుబాటు' అన్నారు. జేబు కొట్టేవాళ్లకు ఇన్నాళ్లూ ఈ మాట తెలియక కేసుల్లో ఇరుక్కున్నారు.

కార్యదర్శి ఖాతా మీద ఊరు నడుస్తున్న రోజుల్లోనే ఓసారి ఆయన ఇంటిపన్ను వసూలుకు కిరాణా కొట్టు ముందు నిలబడ్డాడు. సేటు తాపీగా ఖాతా పుస్తకం తీసి పంచాయతీ పేజీ చూపించాడు.

'సర్దుబాటు చేసుకో సార్.'

కార్యదర్శి రసీదు పుస్తకం మూసి, ఇంకో బస్తా బ్లీచింగ్ పౌడరు అడిగాడు.

'రేపు రా సార్, ఇయ్యాల మంగళారం' అన్నాడు సేటు.