‘సురక్షితముగా’ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: డివైసునందు క్రెడెన్షియల్సు నిక్షేపింపబడి, సర్వరుతో సురక్షితముగా అనుసంధానింపబడును.

అవతారిక: వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీల ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టుల్లో ‘సెక్యూరిటీ’ శీర్షిక కింద కనిపించే సూత్రమిది. కర్త అజ్ఞాతుడు. సీనియర్ల నుంచి జూనియర్లకు పెన్‌డ్రైవులో సంక్రమిస్తోంది. సందర్భం, బోరు మోటారును ఫోన్‌తో ఆన్ చేయడం. పొలంలో నోడ్‌ఎంసీయూ బోర్డు, ఇంట్లో లైనక్సు నడిచే రాస్ప్‌బెర్రీ పై, నడుమ సందేశాలు మోసే ఎంక్యూటీటీ.

టీక: డివైసు, సర్వరు సుబోధాలు గనుక విడువబడినవి. ‘క్రెడెన్షియల్సు’ అనగా అన్ని బోర్డులకూ కోడులో ఒక్కటే రాసిన పాస్‌వర్డు. ఒక బోర్డు చేజారితే, దాని ఫ్లాషు చదివినవాడు అందరి మోటార్లకూ యజమాని. 2016లో మిరాయి బాట్‌నెట్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాల వంటి పరికరాలతోనే సైన్యాన్ని కూర్చుకుంది.

విశేషం: అనవసరమైనది చెప్పనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీకకు ఆ నియమం లేదు. అందరికీ ఒకే పాస్‌వర్డుకు బదులు కావలసింది బోర్డుకొక ధ్రువపత్రం (సర్టిఫికెట్). ఆ సంప్రదాయం ఓరుగల్లు సీమకు కొత్త కాదు. పోతన భాగవతంలోని స్కంధాంత గద్యాలే సాక్ష్యం. మొదట పరమేశ్వరుని కరుణ, తరువాత తండ్రి కేసనమంత్రి, పిదప పోతన. డిజిటల్ ధ్రువపత్రాల ఎక్స్.509 పద్ధతీ ఇదే. పైనున్న రూటు తన సంతకం తానే చేసుకుంటుంది గనుక స్వయంభువు. అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, చివరి రెండూ వెలిగందల నారయవి అని తెలిసేదీ గద్యాల వల్లనే. నారయ తాను పోతన ప్రియశిష్యుణ్ణని చెప్పుకున్న చోట పోతనే శుద్ధమైన ఇంటర్మీడియట్ ధ్రువపత్రం. పోతనది ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్న వాదం అంతకాలం సాగిందంటే, గద్యంలో ఊరు రాసే గడి లేకపోవడమూ ఒక కారణం.

అయితే గద్యాన్ని ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు. నిరూపణకు అవధానమే దిక్కు. సర్వరు అప్పటికప్పుడు సమస్య ఇస్తుంది, బోర్డు తన ప్రైవేటు కీతో పూరిస్తుంది. పూరణే బయటికి వస్తుంది, కీ రాదు. నిన్నటి పూరణ ఇవాళ చెల్లదు.

‘సురక్షితముగా’: ఇక్కడ ‘ఎలాగోలా’ అనే పాఠాంతరమే అర్థానికి చేరువ. నోడ్‌ఎంసీయూలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు రాగానే దానికది 1970. సర్వరు ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రానట్టే కనిపించి కనెక్షను కుదరదు. ఎన్‌టీపీతో టైము సరిచేయాల్సిన చోట ‘సెట్‌ఇన్‌సెక్యూర్’ అని ఒక్క లైను రాస్తారు, తనిఖీయే ఎగిరిపోతుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు చూసేది ఎల్ఈడీ వెలిగిందా లేదా అన్నదే. బోరులో నీళ్లు లేని వేళ ఎవడో ఆన్ నొక్కితే మోటారు కాలుతుంది. వైండింగు ఖర్చు రైతుది, మార్కులు విద్యార్థివి.

తాత్పర్యం: బోర్డుకొక కీ, కీకొక ధ్రువపత్రం. రూటు కీ నెట్‌కు తగలని చోట ఉండాలి. రాస్ప్‌బెర్రీ పైలో కీ ఫైలుకు 600 పర్మిషను. బోర్డు ముందు టైము తెచ్చుకుని, సర్వరు ధ్రువపత్రం సరిచూసి, ఆ తరువాతే కనెక్టు కావాలి. సర్వరుగా నడిచే మస్కిటో బ్రోకరులో 8883 పోర్టు తెరిచి, క్లయింటు ధ్రువపత్రం తప్పనిసరి చేసి, ఏసీఎల్ (అనుమతుల జాబితా)తో ఏ బోర్డుకు ఆ బోర్డు మోటారు టాపిక్‌నే వదలాలి. బోర్డు పోతే దాని ధ్రువపత్రాన్ని రద్దు జాబితాలో చేర్చి బ్రోకరును రీస్టార్ట్ చేయాలి. మిగతా మోటార్లు యథాతథంగా నడుస్తాయి.