ఏం సార్, బండి ల్యాదా?

రాయలసీమ పల్లెల్లో సైకిలు మీద ఒంటరిగా తిరగాలని ముచ్చటపడేవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. సైకిలు మీద తిరగొచ్చు. ఒంటరిగా మాత్రం కుదరదు.

బనగానపల్లెలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటున్నాను. బయట నా సైకిలు చుట్టూ జనం మూగారు. కుర్రాళ్లు గేర్లు లెక్కపెడుతున్నారు. ఒక పెద్దాయన సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు టైర్లు నొక్కి చూస్తున్నాడు.

“యాడికి సార్?”

“తాడిపత్రికి.”

“సైకిల్ మీద్నా? బస్సుంది గదా! ఏం, బండి ల్యాదా?”

“ఉంది. ఇంట్లో పెట్టొచ్చాను.”

ఆ ఒక్క జవాబుతో అప్పటిదాకా వాళ్ల కళ్లలో ఉన్న జాలి కాస్తా అనుమానమైపోయింది. బండి లేనివాడు సైకిలు తొక్కితే పాపం అనుకోవచ్చు. ఉన్నవాడు తొక్కితే ఏదో మతలబు ఉండితీరాలి. ఈ దేశంలో పనీపాటా మానుకుని ఊళ్లమ్మట పడేది దేవుడి కోసమైనా అయ్యుండాలి, ఓట్ల కోసమైనా అయ్యుండాలి. “మొక్కుబడా?” అని ఒకాయన, “ఏ పార్టీ?” అని ఇంకొకాయన. ఆంధ్రాలో సైకిలు ఒక పార్టీ గుర్తు. నా సైకిలు రంగేమో పసుపు. కొనేటప్పుడు ఎండలో లారీవాళ్లకు బాగా కనబడుతుందని తీసుకున్నదే గానీ ఇందులో రాజకీయం లేదు. ఆ సంగతి ఎవరు నమ్ముతారు? దారిలో ఒక ఊళ్లో టీ తాగితే డబ్బులు తీసుకోలేదు. పక్క ఊళ్లో టీ అయిపోయిందన్నారు. పొయ్యి మీద అది తెర్లుతూనే ఉంది.

ధర అడగకుండా వదిలినవాళ్లు లేరు. అసలు ధరలో మూడో వంతు చెప్పడం అప్పటికే అలవాటైంది. అదే చెప్పాను. పెద్దాయన ఆలోచించి, “ఆ దుడ్డుకు ఎనుమును కొనింటే పాలన్నా ఇచ్చుండు” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

అవుకు దాటాక గాలి మొదలైంది. ఆషాఢమాసం. నైరుతి రుతుపవనాలు తెచ్చిన వానలో చాలామటుకు పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది. సీమకు మిగిలేది ఎక్కువగా గాలే. అది వచ్చేది నైరుతి నుంచి. తాడిపత్రి ఉన్నదీ నైరుతినే. పల్లంలో కూడా తొక్కితే తప్ప చక్రం కదలలేదు. ఉన్న గేర్లన్నీ మార్చి చూశాను, అన్నిటిదీ ఒకటే మాట. గడ్డిమోపు కట్టిన పాత సైకిలు మీద లుంగీ ఎగ్గట్టుకున్న ఒకాయన తాపీగా నన్ను దాటుతూ, “చైను ఊడిందా?” అని ఆదరంగా అడిగి వెళ్లిపోయాడు.

ఇక ఆ దారంతా నాపరాళ్లే. ఇళ్లకు పరిచినవి అవే, దొడ్లకు నిలబెట్టినవి అవే. వాటిని మోసే లారీ వెళ్లిన ప్రతిసారీ రోడ్డు మీది తెల్లపొడి లేచి నా మొహాన కూర్చుంది. మంచిదే అయింది. కొలిమిగుండ్లలో ‘మొక్కుబడి’ అని నేనే ముందుగా చెబితే ఎవరూ మారుప్రశ్న వెయ్యలేదు.

ఆ దగ్గర్లోనే బెలుం గుహలు. కప్పు తలకు తగులుతుందేమోనని హెల్మెట్ తియ్యకుండానే లోపలికి దిగాను. లోపల ఉక్క. అందరూ టికెట్లతో విసురుకుంటుంటే, గాలి లేని చోటు దొరికిన ఆనందంలో నేనొక్కణ్ణే నవ్వుతూ నడిచాను. కాసేపటికి వెనక్కి చూస్తే రెండు కుటుంబాలు నా వెంటే వస్తున్నాయి. నేను ఆగితే ఆగుతున్నారు, వంగితే వంగుతున్నారు.

“సార్, పాతాళగంగ ఎంత దూరం?” అంది ఒకావిడ. హెల్మెట్ చూసి గైడనుకున్నారు.

కాదని చెబితే నిరాశపడతారని చెప్పడం మొదలుపెట్టాను. ఈ గుహలు మొత్తం 3,229 మీటర్లు. మీ ఇంట్లో పరిచిన బండలదీ ఈ గుహదీ ఒకటే జాతి, సున్నపురాయి. నీళ్లు యుగాల తరబడి దాన్ని కరిగిస్తే ఈ దారులు పడ్డాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. అదే ఏడు థామస్ స్టీవెన్స్ అనే ఆయన, ముందు చక్రం మనిషి ఛాతీ దాకా వచ్చే సైకిలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ప్రపంచయాత్రకు బయల్దేరాడు.

“ఆయన ఈ గుహకొచ్చినాడా?” అన్నాడొక పిల్లాడు.

“రాలేదు.”

“మరెందుకు చెప్పినావు?”

పాతాళగంగ దగ్గర ఆవిడ మొగుడు నా చేతిలో యాభై రూపాయలు పెట్టబోయాడు. తీసుకోలేదు గానీ, సైకిలు మీద అంత దూరం వెళ్లి నేను సంపాదించగలిగింది అదొక్కటే అని ఇప్పుడనిపిస్తుంది.

చీకటి పడ్డాక తాడిపత్రి చేరి ఒక లాడ్జికి వెళ్లాను. మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు.

“ఎంతమంది?”

“ఒక్కణ్ణే.”

“సింగిల్‌కు రూమియ్యం సార్. ఓనరు ఒప్పుకోడు.”

పొద్దున్నించీ ఊరూరా నన్ను ఒంటరిగా వదలని జనమంతా ఆ నిమిషానికి ఎటు పోయారో! ఆధార్ కార్డు చూపించాను, బతిమాలాను. లాభం లేకపోయింది. చివరికి ఆయన నా వెనక ఉన్నదాన్ని చూశాడు.

“ఆ సైకిలు యాడ పెడతావు?”

“నాతోనే. రూములోకే తీసుకెళ్తాను.”

ఆయన కొంచెం ఆలోచించి రిజిస్టరు తెరిచాడు. మనుషుల సంఖ్య అన్న గడిలో రెండు అని వేసి, డబుల్ రూము అద్దె తీసుకుని, పై అంతస్తు తాళం ఇచ్చాడు. లిఫ్టు లేదు.