కుక్కకు గుండు, యజమానికి చలవ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు పెద్దలు. ఆ కార్తెలో కుక్కలకు గుండ్లు కొట్టించాలని మాత్రం ఎవరూ అన్న గుర్తు లేదు. అయినా ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా కాస్త కలిగిన ఇళ్లలో ఈ క్రతువు ఏటా నియమంగా జరిగిపోతోంది. నిన్నటిదాకా బొద్దుగా, ఠీవిగా వీధంతా ఏలిన పమేరియన్ ఇవాళ పక్కటెముకలు లెక్కపెట్టుకునేట్టు తిరుగుతుంటుంది. “ఏందన్నా, దానికేమైంది?” అంటే, “ఎండకి అల్లాడతా ఉందని మిషన్ కొట్టేశా. ఇప్పుడు సల్లగా ఉంది” అని జవాబు. సల్లగా ఉన్నట్టు కుక్క చెప్పిందా? అడుగుదామంటే అది మంచం కిందినుంచి బయటికి రాదు.

ఈ సిద్ధాంతం పుట్టింది మన ఒంటి నుంచే. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది కాబట్టి జుట్టు తీస్తే గాలి తగిలి హాయిగా ఉంటుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలో. లోపలి వేడిని అది నాలుక చాపి, రొప్పి వెళ్లగొడుతుంది. దాని వీపు గొరిగి చల్లదనం తెస్తాననడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే.

పమేరియన్, హస్కీ, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్‌లకు బొచ్చు రెండు పొరలు. పైన గరుకు వెంట్రుక, కింద మెత్తటి నూగు. చలిలో కాపాడేదీ అదే, ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడేదీ అదే. ఎండలు ముదిరేసరికి లోపలి నూగు చాలావరకు తనంతట తానే ఊడుతుంది. ఊడినదాన్ని దువ్వి తీసేస్తే సరి. కానీ దువ్వెన ఖరీదు వందల్లో, మిషన్ ఖరీదు వేలల్లో. చుట్టాలకు చూపించుకోవడానికి ఏది బాగుంటుందో వేరే చెప్పాలా? పైపొరతో సహా గొరిగేస్తే చర్మం ఎండకు కమిలిపోతుంది. కొన్నిటికి నెలల తరబడి బొచ్చు రాదు, వచ్చినా అతుకులు అతుకులుగా వస్తుంది.

పశువులనే చూడండి. ఈ నేల మీద పుట్టి, బ్రెజిల్ దాకా పోయి అక్కడ ‘నెలోరె’ పేరుతో మందలు మందలుగా వర్ధిల్లుతున్న ఒంగోలు జాతి ఈ ఎండను తట్టుకునేది పొట్టి తెల్లటి వెంట్రుకతో, దాని కింద నల్లటి చర్మంతో. గిత్తకు గుండు కొట్టి చల్లబరుద్దామని ఏ రైతుకూ తోచలేదు. గొంగళ్ల కోసం కురుమలు కత్తెర పట్టేది ఉన్ని ఉన్న దక్కనీ గొర్రెకు. ఉన్ని లేని నెల్లూరు గొర్రె జోలికి ఎవరూ పోరు. ఏ ప్రాణికి ఏది కోయాలో కాపరికి యూట్యూబ్ చూడకుండానే తెలుసు.

కోయక తప్పని కుక్కలూ ఉన్నాయి. షిట్జూ, లాసా, పూడిల్ వెంట్రుక పెరుగుతూనే ఉంటుంది. అక్కడ మనవాళ్ల కొనుగోలు తెలివి చూడాలి. పొదుపరి తన గడ్డం ట్రిమ్మరే తెస్తాడు. అది దట్టమైన బొచ్చులో దిగి, మూలిగి, వెంట్రుకను కోయకుండా పీకుతుంది. దర్జా మనిషి ఖరీదైన మిషనే తెప్పించి, నంబరు పెద్దదైతే ఎక్కువ బొచ్చు మిగులుతుందనుకుని 40 నంబరు బ్లేడు బిగిస్తాడు. నంబరు పెరిగేకొద్దీ మిగిలే వెంట్రుక తగ్గుతుందని పెట్టె మీద చదవడు. 10 నంబరు సుమారు 1.5 మిల్లీమీటర్లు మిగిలిస్తుంది. 40 నంబరు మిగిల్చేది పావు మిల్లీమీటరు, డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు గొరిగేది దాంతో. ఇహ ఇద్దరూ కలిసి చేసే ఘనకార్యం ఒకటుంది: సముద్రం ఒడ్డున పొర్లివచ్చిన కుక్క మీద ఇసుకతో సహా మిషన్ నడపడం. బ్లేడు మొద్దుబారుతుంది, వేడెక్కుతుంది. పాపం, చల్లదనం కోసం మొదలైన పని చంకలో వాతతో ముగుస్తుంది.

చేసే పని తెలిసినవాళ్లు ముందు దువ్వి చిక్కులు తీస్తారు, స్నానం చేయించి పూర్తిగా ఆరనిస్తారు, బ్లేడుకు చుక్క నూనె వేస్తారు, కాసేపటికోసారి దాన్ని తమ మణికట్టుకు తాకించి చూస్తారు. చంకలు, తొడసందులు, చెవి అంచుల దగ్గర చర్మాన్ని సాగదీసి పట్టుకుని, వెంట్రుక వాలు వెంటే నడుపుతారు. ఇంత ఓపిక లేనివాళ్లే “గొరిగేస్తే గోమార్లు పోతాయిలే” అంటారు. గోమార్లు చెవుల్లోకీ వేళ్ల సందుల్లోకీ దూరతాయి. వాటికి మందు పశువుల ఆసుపత్రిలో ఉంది, మిషన్‌లో లేదు.

కుక్క మీద అంత జాలి ఉంటే మధ్యాహ్నం దాన్ని సరుగుడు నీడన ఉంచండి, గిన్నెలో నీళ్లు మార్చండి, తారు కాలకముందే తెల్లారి తిప్పుకురండి. ఇవన్నీ చేశాక కూడా ఎవరికో ఒకరికి గుండు కొడితేనే గానీ ఇల్లు చల్లబడదనిపిస్తే, ఒళ్లంతా చెమట పట్టే ప్రాణి ఆ ఇంట్లో మీరే. అద్దం ముందు కూర్చోండి.