చచ్చిన జీపు, చావని సి-బుక్కు

పల్నాడులో జీపు కట్టడం పెద్ద పనేం కాదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల చుట్టూ తిరిగే లారీలను ఏళ్ల తరబడి బతికించుకొస్తున్న మెకానిక్కులకు అదొక లెక్కా? నరసరావుపేటలో వెల్డింగ్ షాపులున్నాయి, విజయవాడ ఆటోనగర్‌లో పాత సామానుంది. ఛాసిస్ ఒక బండిది, గేర్‌బాక్సు ఇంకో బండిది, ఇరుసులు మరో బండివి. బ్రహ్మనాయుడి చాపకూడు పంక్తిలాగా అన్ని జాతుల ఇనుమునూ ఒకచోట కూర్చోబెడితే జీపు లేచి నిలబడుతుంది. నిలబడనిదల్లా దాని సి-బుక్కు.

అందుకని మనవాళ్లు ముందు కాగితం కొంటారు, తర్వాతే బండి. గడ్డివాము పక్కన చక్రాల్లేకుండా ఇటుకల మీద కూర్చుని, సీట్ల కింద కోళ్లను పొదగనిచ్చే జీపుకు ఉన్న గిరాకీ రోడ్డు మీద నడిచే జీపుకు లేదు. "బండి ఎట్లుంది?" అని ఎవరూ అడగరు. "పేపర్లు క్లియరేనా?" అంటారు. క్లియరైతే తుప్పుకు కూడా రేటే. కాకపోతే, ఎక్కడా ఆగకుండా మాచర్ల దాకా పరిగెత్తే బండయినా కేజీల లెక్కనే పోతుంది.

ఆ క్లియర్ సంగతేమిటో చూద్దాం. అమ్మేవాడు బీరువా అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీస్తాడు. అందులో పేరు మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30. నాలుగు మడతలు పడి, మడత దగ్గర చిరిగి, చిరిగినచోట సెల్లోటేపు పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. కింద అమ్మినాయన సంతకం భద్రంగా ఉంటుంది. కొన్నవాడి పేరుండాల్సిన చోటు ఖాళీ. తేదీ ఖాళీ. "ఈ సంతకం ఎవరిదయ్యా?" అంటే, "మనకెందుకన్నా? ఓపెన్ ఫారాలు. నీ పేరు రాసుకో, మీ బావమరిది పేరు రాసుకో, నీ ఇష్టం" అంటాడు. అమ్మేవాడికీ ఆ సంతకానికీ ఏ చుట్టరికమూ ఉండదు. మధ్యలో బండి నలుగురి చేతులు మారింది. ఆ నలుగురి పేర్లూ ఏ రికార్డులోనూ లేవు.

అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు చెప్పాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ అంటుంది. ఆ చట్టం పుట్టింది 1988లో. మన జీపు అంతకంటే పెద్దది. పెద్దవాళ్లు చిన్నవాళ్ల మాట వింటారా? ఎనిమిది వందల ఏళ్ల నాటి వీరుల కొణతాల్లో (ఆయుధాల్లో) ఏది ఎవరిదో కారెంపూడిలో వీరాచారవంతులు తడుముకోకుండా చెబుతారు. ఎనిమిదేళ్ల కింద అమ్మిన జీపు ఇప్పుడు ఎవరిదో చెప్పమంటే మాత్రం జిల్లా అంతా నేలచూపులు చూస్తుంది.

సంతకం పెట్టి మరిచిపోయిన ఆ పెద్దమనిషి గురజాలలో అరుగు మీద కూర్చుని, పీడ వదిలించుకున్నానని మురిసిపోతుంటాడు. పీడ వదల్లేదు నాయనా. రిజిస్టరులో ఎవరి పేరుంటే వాడే యజమాని అని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ బండి ఎన్ని చేతులు మారినా సరే, రేపు ఎవరినైనా గుద్దితే పరిహారం నోటీసు అరుగు మీదికే వస్తుంది.

సంతకం పెట్టకుండానే ఆయన పోయాడనుకోండి, అది ఫారం 31. వారసులు రావాలి. ఒక కొడుకు కూకట్‌పల్లిలో, ఇంకొకడు డాలస్‌లో. తండ్రి పొలం పంచుకోవడానికి కూడా ఒకేసారి రానివాళ్లు తుప్పు జీపు కోసం వస్తారా? సి-బుక్కు మీద ఫైనాన్స్ ముద్ర ఉంటే ఫారం 35 కావాలి. అప్పు తీరిందని కంపెనీ చెప్పాలి. అప్పు తీరి ఇరవై ఏళ్లయింది, కంపెనీ బోర్డు తిప్పేసి పదేళ్లయింది.

వీటన్నిటినీ మించిన చోద్యం కృష్ణ అవతల ఉంది. మిర్యాలగూడలో జీపు చవగ్గా దొరికింది. నంబరు చూస్తే ఏపీ 24. ఏపీయే కదా, మనదే కదా అని పొందుగల వంతెన దాటించి తెచ్చుకుంటాడు పల్నాటి అమాయకుడు. ఏపీ 24 అంటే నల్లగొండ. నల్లగొండ 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. కాబట్టి ఏపీ అని రాసున్న బండిని ఏపీలో తిప్పుకోవడానికి తెలంగాణ ఎన్‌ఓసీ ఇవ్వాలి! 30 రోజుల్లో కాదనకపోతే ఇచ్చినట్టే భావించాలని 48వ సెక్షన్ చెబుతోంది. ఆ ముక్క కౌంటర్ దగ్గర చెప్పి చూడండి. భావించుకోమంటారు, ఇంటికెళ్లి.

ఇక ఛాసిస్ నంబరు. జీపును పక్కకు లాగి, ఛాసిస్ కమ్మీ మీద కిరసనాయిలు పోసి, ఉప్పు కాగితంతో రుద్ది, తుప్పు పొరలు రాల్చి, పైన తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో గీకుతారు. ఒక్కో అంకే పైకి తేలుతుంది. ఎక్కడో ఒకచోట 3 అనుకుంటే 3, 8 అనుకుంటే 8. "ఏదయితే సి-బుక్కుకు సరిపోతుందో అదే" అంటాడు ఏజెంటు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు ఆ పెన్సిల్ గీతల్ని చూసినంత శ్రద్ధగా బ్రేకుల్ని చూసినట్టు నేనయితే వినలేదు.

ఇంత కథ ఎందుకు? నిజం చెబితే తలుపు మూసుకుంటుంది కాబట్టి. "అయ్యా, నాలుగు బండ్ల సామానుతో ఒక బండి కట్టాను, పరీక్షించి నంబరివ్వండి" అని వెళ్లినవాడికి మన చట్టంలో ఫారం లేదు. కంపెనీ మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని 52వ సెక్షన్ కట్టడి చేసింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత బిగించింది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇరుసుకో ఐదు, ఇంజిన్‌కో ఐదు వేసుకుంటూ పోతే జీపు ఖర్చు దాటిపోతుంది. పోనీ కొత్త బండిగానే కట్టానంటాడా? అప్పుడతడు తయారీదారు. 126వ నిబంధన కింద పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థకు నమూనా బండి పరీక్షకు అప్పజెప్పాలి. నకరికల్లు షెడ్డులో ఒక్క జీపు కట్టుకున్నవాడూ, ఏడాదికి లక్షల కార్లు అమ్మే కంపెనీ వాడూ ఒకే వరసలో నిలబడాలన్నమాట. సమానత్వమంటే ఇదే కాబోలు.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రెలో దత్తాత్రేయ లోహార్ అనే కమ్మరి తుక్కుతో, కిక్కు కొడితే స్టార్టయ్యే చిన్న జీపు కట్టాడు. దేశం చప్పట్లు కొట్టింది. ఆనంద్ మహీంద్రా మెచ్చుకుంటూనే, నిబంధనలు ఒప్పవు కాబట్టి అధికారులు ఎప్పటికైనా ఆపేస్తారని చెప్పి, ఆ జీపు తీసుకుని 2022లో కొత్త బొలెరో ఇచ్చాడు. పరిశ్రమాధిపతి దయ తప్ప ఆ బండికి దారి లేకపోయింది.

బ్రిటన్‌లో ఇంటి షెడ్డులో కారు కట్టుకోవడం పాత సరదా. పాత బండి నంబరు నిలుపుకోవాలంటే అక్కడ చాలాకాలం నడిచిన లెక్క ఎనిమిది పాయింట్లు. ఛాసిస్‌కు 5, సస్పెన్షన్, ఇరుసులు, గేర్‌బాక్సు, స్టీరింగ్‌లకు రెండేసి, ఇంజిన్‌కు 1. అన్ని రాకపోతే బండిని పరీక్షించి 'క్యూ' అక్షరంతో నంబరిచ్చేవారు. దీని పుట్టుక మాకు సరిగ్గా తెలియదు, నడవడానికి మాత్రం పనికొస్తుంది అని ప్రభుత్వమే నిజాయితీగా ఒప్పుకోవడమన్నమాట. మన దగ్గర పుట్టుక తెలియని బండికి చచ్చిన బండి గోత్రం అంటగట్టాలి.

బండి పూర్తిగా పాడైతే 14 రోజుల్లో చెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని 55వ సెక్షన్ ఉంది. 2021లో తుక్కు చేసే కేంద్రాలకు నిబంధనలూ వచ్చాయి. ఎవరు చెబుతారండీ? ఇనుము కేజీల్లో పోతుంది, సి-బుక్కు వేలల్లో పోతుంది. ఇది జీపుల దగ్గరే ఆగుతుందనుకుంటే పొరపాటు. తుక్కు కింద కొన్న బీఎస్-3 లారీలను నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి రోడ్డెక్కించారన్న ఆరోపణ మీద 2020లో అనంతపురం జిల్లాలో కేసులు, అరెస్టులు జరిగాయి. కాగితం ఒక్కటి సరిగ్గా ఉంటే చాలునని నేర్పిన బడి ఏదో అందరికీ తెలుసు.

సొంతంగా కట్టుకున్న బండికి ఒక ఫారం పెట్టండి. వెల్డింగ్ చూడండి, బ్రేకులు చూడండి, లైట్లు చూడండి, ఫీజు తీసుకోండి, ఇది ఇంట్లో కట్టిన బండి అని తెలిసే నంబరివ్వండి. అప్పటిదాకా పాత బండి కొని పాన చేతబట్టే కుర్రాళ్లకు ఒకటే మాట: ఒక్క బోల్టు విప్పకముందే సి-బుక్కు మీ పేరు మీదికి మార్పించుకోండి. ఎప్పుడో ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి బండి అప్పజెప్పిన పెద్దలుంటే, రికార్డులో ఇంకా మీ పేరే ఉందేమో ఇవాళే కనుక్కోండి.