చక్రాలకు నిమ్మకాయ గండం

అలాయ్ చక్రాలకు కొత్తగా రంగు వేయించుకొచ్చినవాడికి ఊళ్లో అందరూ శత్రువుల్లాగే కనబడతారు. మొదటివాడు వాటర్ సర్వీసింగ్ గుంటడు. వాడి దగ్గర ఓ సీసా ఉంటుంది. దాని మీద పేరుండదు గానీ మూత తీస్తే కళ్లు మండుతాయి. "అలా కంగారు పడతారేటి సార్, ఒక్క పిసరు పోస్తే నల్లదంతా లేచొచ్చేస్తాది" అంటాడు. లేస్తుంది, నిజమే. దానితో పాటు క్లియర్ కోటూ లేస్తుంది. ఆ నల్లదేమిటని అడిగితే "మురికి సార్" అన్నాడు. మురికి కాదు నాయనా, బ్రేకు వేసినప్పుడల్లా డిస్కూ ప్యాడూ అరిగి రాలే పొడి. అందులో ఇనుముంటుంది కాబట్టి తడి తగిలితే తుప్పు చుక్కలవుతుంది. చక్రం చల్లారాక కారు షాంపూ నీళ్లతో, మెత్తటి గుడ్డతో వారానికోసారి తుడిస్తే పోయేదానికి యాసిడ్డెందుకు?

రెండో శత్రువు పంచర్ షాపు. విశాఖలో రిమ్ములు బాగుచేసినాయన మరీ మరీ చెప్పి పంపాడు. బెండు తీసి, పాత రంగు ఊడగొట్టి, పౌడర్ చల్లి, దాదాపు రెండు వందల డిగ్రీల వేడిలో కాల్చిన సరుకు. అంచుకి కొట్టే బ్యాలెన్సింగ్ వెయిట్లు వద్దు, లోపల అతికించేవి వేయించుకోండి. నట్ల చివరి బిగింపు ఎయిర్ గన్‌తో కాదు, టార్క్ రెంచితో. కొన్నాళ్ల పాటు ఆమ్లమనేది తగలనివ్వొద్దు. ఇదంతా మా ఊరి పంచర్ షాపాయనకి అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని సుత్తి అందుకున్నాడు. "అతికించినవి ఊడిపోతాయి సార్, ఇదైతే ఊడదు" అంటూ అంచు మీద ఠంగుమని ఒక్కటిచ్చాడు. వెయిటు ఊడలేదు, రంగు ఊడింది. గోటి కొనంత పెచ్చు. అప్పట్నుంచీ నాకు కారులో ఇంకేమీ కనబడటం లేదు. ఆ సందులోంచి తేమ దూరిందంటే రంగు కింద అల్యూమినియం తెల్లగా పొంగి, పురుగు పాకినట్టు గీతలు బయల్దేరతాయి.

ఇవి రెండూ ఎలాగో ఓర్చుకోవచ్చు. నిమ్మకాయలే ఓర్చుకోలేనివి.

మా పెద్దమ్మది అనకాపల్లిలో గవరపాలెం. నూకాంబిక అమ్మవారి గుడికి దగ్గరిల్లు కావడంతో మా వంశంలో ఎవరు ఏ బండి కొన్నా అనుమతి ఆవిడే ఇవ్వాలి. "చక్రాలు కొత్తవంట కదా, తొక్కించవేటి?" అంది. కొత్తవి కావు పెద్దమ్మా, పాతవాటికే రంగేయించాను అన్నాను. "అయితే మరీ తొక్కించాలి. పాత దిష్టి కూడా ఉంటాది" అంది.

నాకు నిమ్మకాయ మీద కోపం లేదు. గూడూరు కాయంటే ప్రాణం, అన్నంలో. కానీ లెక్క చూడండి. చిన్న కారు కూడా దాదాపు టన్ను తూగుతుంది. అంటే చక్రానికి పావు టన్ను. అంత బరువు మీదికెక్కితే ఆ కాయలో రసం ఎటు పోవాలి? కిందికి పోదామంటే సిమెంటు, పైకి పోదామంటే టైరు. ఇక మిగిలింది పక్కకే, అక్కడ రిమ్ముంది. కొన్నాళ్ల పాటు ఆమ్లమనేది తగలనివ్వొద్దని విశాఖ ఆయన చెప్పాడు కదా, సర్వీసింగ్ షెడ్డులో తప్పించుకొచ్చిన యాసిడ్డు గుడి ముందు భక్తి రూపంలో ఎదురైంది. వెనక చక్రాలు ఎలాగూ ముందు చక్రాల దారిలోనే వస్తాయి, రెండు కాయలు చాలు పెద్దమ్మా అని ఇంజినీరింగ్ వాదన ఒకటి తీశాను. "రివర్సులో పోతేనో?" అంది. దానికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు.

పోనీ ధర చూసైనా తగ్గుతారా అంటే అదీ లేదు. 2022 ఏప్రిల్ 4న మన అనకాపల్లి జిల్లా అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశమంతటా నిమ్మకాయ ధర కొండెక్కి, చాలాచోట్ల ఒక్కోటి పది రూపాయలు దాటింది. హోటళ్లలో ఉల్లిపాయ పక్కన నిమ్మచెక్క మాయమైంది. అటు అమ్మవారి కొత్త అమావాస్య జాతర నెల. మనిషి విస్తట్లో లేని నిమ్మకాయ బండి కిందికి మాత్రం వచ్చింది. మనకి దిష్టి తగిలినా ఫరవాలేదు, ఈఎంఐ ఉన్నదానికి తగలకూడదు.

నిమ్మకాయలయ్యాక పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. పెంకు ఎగిరి ఎక్కడ తగిలిందో చెప్పను, ఊహించుకోండి.

ఈమధ్య ఓ పెళ్లికి పూడిమడక వెళ్లాల్సొచ్చింది. అచ్యుతాపురం రోడ్డు. ఇనప రిమ్ము గోతిలో పడి వంగితే సుత్తితో సరిచేస్తారు, అలాయ్ అయితే చిట్లినా చిట్లుతుంది. అందుకని ప్రతి గోతికీ దండం పెట్టుకుంటూ పోతున్నాను. పక్కనే సెజ్ బస్సు, నిండా బట్టల కంపెనీ ఆడపిల్లలు. చక్రం గోతిలో దిగినప్పుడల్లా అందరి తలలూ ఒక్కసారి లేచి పడుతున్నాయి. కిటికీ పక్కన ఒకమ్మాయి ఒళ్లో టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిద్రపోతోంది. నుదురు అద్దానికి కొట్టుకుంటున్నా మెలకువ రావడం లేదు. వాళ్లకి రోజూ రెండు పూటలా ఇదే రోడ్డు. నా రిమ్ముకి బెండు తీసేవాడు విశాఖలో ఉన్నాడు. ఆ పిల్ల నడుముకి ఎవడున్నాడు? ఆ తర్వాత కాసేపు గోతులు తప్పించబుద్ధి కాలేదు.

సరే, రిమ్ములు బాగుచేయించబోయేవాళ్లకి నాలుగు మాటలు. డైమండ్ కట్ జోలికి పోకండి. చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, ఆ మెరుపు మళ్లీ మళ్లీ తెప్పించుకునేది కాదు. పౌడర్ కోటింగే మేలు. డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీద రాసినంత గాలి టైర్లలో ఉండేలా చూసుకోండి, గోతిలో రిమ్మును కాసేది ఆ గాలే. కొబ్బరికాయ చక్రానికి దూరంగా రాతి మీద కొట్టండి, అమ్మవారేమీ అనుకోదు. పెద్దమ్మ చూడకుండా దాచగలిగితే నాలుగు నిమ్మకాయలతో ఇంటిల్లిపాదికీ పులిహోర అవుతుంది.