ప్రతిభ లిఫ్టెక్కిందహో!

2024లో కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణకు మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి పురస్కారం ప్రకటించడం, అందుకు నిరసనగా గాయనీమణులు రంజని–గాయత్రి అకాడమీ డిసెంబరు సభల నుంచి తప్పుకోవడం మీకు తెలిసిందే. ఆ తగువు సంగతెలా ఉన్నా, దాని వెంట చెన్నైలో బయల్దేరిన ఓ మాట హైదరాబాదు చందానగర్ అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చేసింది. సంగీతానికి కులమేమిటి, తలుపులు బార్లా తీసే ఉన్నాయి, ప్రతిభ ఉన్నవాళ్లు వస్తారు, లేనివాళ్లు రారు అని. ఎంత చక్కటి మాట! దీన్ని అక్షరాలా నమ్మితే గొప్ప శాస్త్రసత్యమొకటి బయటపడుతుంది. సాయంత్రమైతే సరళీస్వరాలు వినిపించేది గేటు లోపలి ఫ్లాట్లలోంచే కాబట్టి, సరస్వతీదేవి ప్రహరీగోడ చూసుకుని మరీ వరాలిస్తోందన్నమాట. నేలమీది గొంతుకు శ్రుతి ఉండదు. మూడో అంతస్తు దాటాక షడ్జమం నిలుస్తుంది. పెంట్‌హౌస్‌లో తోడి గమకాలతో సహా పుడుతుంది.

ఈ సిద్ధాంతం ఎన్ని చిక్కుముళ్లు విప్పుతుందో చూడండి. ఆ టవర్లు కట్టే కూలీల పిల్లలు పదో అంతస్తు శ్లాబు మీద కూడా ఆడుకుంటారు కదా, వాళ్లకెందుకు పాట అబ్బలేదు? అప్పటికింకా లిఫ్టు బిగించలేదు మరి. పనిమనిషి కూతురు తల్లి వెంట రోజూ పన్నెండో అంతస్తుకు వస్తుందే? వస్తుంది, సర్వీసు లిఫ్టులో. జంట స్వరాలకు అందులో ప్రవేశం లేదు. ఇక మృదంగం. కృష్ణ 2020లో రాసిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ దాన్ని తయారుచేసే వాళ్ల చరిత్రే. ఆవు, మేక, గేదె తోళ్లు ఎంచి, బిగించి, నాదం పలికించే ఆ చేతులు ఎక్కువగా దళిత క్రైస్తవులవి. నాదం తెలియని చెవితో ఆ పని కాదు. అయినా ఆ ఇళ్ల పిల్లలు వేదిక మీద కనబడరేం? ప్రతిభ వేళ్ల దాకా వచ్చి ఆగింది. పాపం, మధ్యలో కరెంటు పోయినట్టుంది.

సిద్ధాంతానికి ఎదురు నిలిచేవాళ్లూ ఉన్నారు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో 1998లో అదే సంగీత కళానిధి అందుకున్నారు. నాదస్వరం వాయించే షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ విద్వాంసులకు ఏ లిఫ్టు దొరికింది? లిఫ్టు లేదు, ఇంట్లో వాయిద్యం ఉంది, ఊహ తెలిసీ తెలియకముందే కూర్చోబెట్టి నేర్పిన పెద్దలున్నారు. వెనెజువేలాలో 1975లో హోసే అంతోనియో అబ్రేయు మొదలుపెట్టిన ఎల్ సిస్తెమా అనే సంగీతశిక్షణ పథకం పేదపిల్లల చేతికి వయొలిన్ ఇచ్చింది. ఆర్కెస్ట్రా కండక్టర్ గుస్తావో దుదామెల్ అందులోంచే వచ్చాడు. ప్రతిభ పాఠాన్ని వెతుక్కుంటూ రాదు, పాఠం దొరికినచోట బయటపడుతుంది. పేదపిల్లలకు ఆసక్తి లేదండీ అంటారా? ఏడేళ్ల ఫ్లాటు పిల్లకు మాత్రం మాయామాళవగౌళ మీద పుట్టుమోజా? అబాకస్‌కీ ఈతకీ మధ్య అమ్మ కూర్చోబెట్టింది, కూర్చుంది. ప్రభుత్వ సంగీత కళాశాల ఉందిగా అంటారా? ఉంది, రాంకోఠీలో, ఇక్కడికి 20 కిలోమీటర్ల పైమాటే. పిల్లను అంతదూరం తిప్పడానికి కూలి పోగొట్టుకునేదెవరు? అందరికీ నేర్పితే ప్రమాణాలు పడిపోతాయంటారా? ఆ మాట చినమౌలానా నాదస్వరం విన్నాక అనండి.

వేళాకోళం చాలు. 6–8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైం బోధకుణ్ణి పెట్టాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 15 ఏళ్లు దాటింది. కళలకూ చదువుకూ మధ్య గోడలుండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మన సర్కారు బళ్ల టైంటేబుల్లో సంగీతం ఎన్నో పీరియడో ఎవరైనా చూపించండి! ఒక్క స్వరమైనా చెప్పకుండా, ఈ బిడ్డకు గొంతు లేదని తీర్పు చెప్పడం అభిప్రాయం కాదు, దగా. తలుపు తీసి ఉంచామని మురిసిపోతున్న రసికులారా, సభల పెద్దలారా, వాటికి డబ్బులిచ్చే కంపెనీలారా, మీరు గడప దాటి బయటికొచ్చిందెప్పుడు? ఒక్క సర్కారు బడి ఎంచుకోండి. జీతమిచ్చి టీచర్ని పెట్టండి. పదేళ్లు ఓపిగ్గా నేర్పించండి. అప్పటికీ ఒక్క పిల్లా పాడకపోతే ప్రతిభ గురించి మాట్లాడండి. అంతదాకా ఆ మాట ఎత్తే హక్కు మీకు లేదు.